పురుగుల గదిలో బెణ్ణెగింజ

పెద్దకోడలు సుజాతమ్మ చెంబు నిండా నీళ్ళతో పురుగుల గదిలోకి పోవడమూ, కాసేపటికి ఖాళీ చెంబుతో బయటికి రావడమూ అక్కయమ్మ నడవలో కూచుని చూసింది. ఆ గదిలో అప్పుడు పట్టుపురుగులు లేవు. గూళ్ళు సంతకు పోయి పక్షం దాటింది. తట్టలు కడిగి ఎండబెట్టారు, నేల అలికారు, తలుపు దగ్గరగా వేశారు. మళ్ళీ పంటకు గుడ్లు తెచ్చేదాకా ఆ గదిలో ఎవరికీ పని లేదు. నీళ్ళతో అసలే పని లేదు.

పిలిచి అడగవచ్చు. కాని అడిగితే ఎదుటి మనిషి జవాబు వెతుక్కుంటుందనీ, అడగకుండా చూస్తూ ఉంటే తనంతట తానే బయటపడుతుందనీ అక్కయమ్మ నమ్మకం. భర్త పోయిన తరువాత కెంచార్లహళ్ళిలో ఆ ఇంటినీ, ఇద్దరు కొడుకులనూ, మల్బరీ తోటనూ ఆ నమ్మకం మీదనే నిలబెట్టుకుంది. కూలివాళ్ళు ఆకు మోపుల్లో కొంత దాచుకున్నా, పాలమనిషి నీళ్ళు కలిపినా ఆమె చూసేది, ఊరుకునేది, అదను వచ్చినప్పుడు ఒక్క మాట అనేది.

ఆ ఎండాకాలం ఆమె చూపంతా చిన్నకోడలు సుబ్బలక్ష్మి మీద ఉంది. ఆ పిల్లకు ఐదు నిండి ఆరో నెల నడుస్తోంది. కిందటేడు ఐదో నెలలోనే కడుపు పోయింది. తల్లి లేని పిల్ల, కాబట్టి పురుడు కూడా ఇక్కడే పోయాలి. మొగుడు చింతామణిలో వేరుసెనగ మిషన్లో పనిచేస్తాడు, ఆదివారం మాత్రం ఇంటికి వస్తాడు. కనుక ఆ కడుపుకు కావలి అక్కయమ్మే. పెద్దకొడుకు మునినారాయణకు పెళ్ళయి చాలా ఏళ్ళయింది. సుజాతమ్మకు ఒక్కసారి కూడా నెల తప్పలేదు.

సుజాతమ్మ చెయ్యి మంచిదని ఊరంతా అనేది. పొరుగువాళ్ళ పురుగులు సున్నపు తెగులు తగిలి తెల్లబడి చచ్చిన ఏడు కూడా ఆమె తట్టల్లో పురుగులు కళకళలాడుతూ గూళ్ళు కట్టాయి. బతకదనుకున్న దూడ ఆమె చేతిలో లేచి నిలబడింది. ఆ మాటను అక్కయమ్మ ఇన్నాళ్ళూ గర్వంగానే చెప్పుకుంది. ఇప్పుడు అదే మాట ఆమెకు వేరే రకంగా వినిపించసాగింది. బతికించడం అంత బాగా తెలిసిన చేతికి, ఆ రెండోది మాత్రం తెలియకుండా ఉంటుందా?

మధ్యాహ్నం సుజాతమ్మ తోటకు నీళ్ళు కట్టించడానికి పోయింది. సుబ్బలక్ష్మి నిద్రపోతూ ఉంది. అక్కయమ్మ లేచి పురుగుల గది తలుపు తోసింది.

లోపల మసక వెలుతురు, చల్లదనం, ఆకు పాతవాసన. కిటికీకి గోనె వేలాడుతోంది. అది తడిగా ఉంది. పురుగులు లేని గదికి గోనె తడపడం ఎందుకు? ఆ కిటికీ పక్క గూట్లో ఒక గాజు సీసా. సీసా మూతి మీద కోడిగుడ్డంత గింజ ఒకటి కూచుని ఉంది. దానికి చుట్టూ నాలుగు తుమ్మముళ్ళు దిగగుచ్చి ఉన్నాయి. ఆ ముళ్ళు సీసా అంచు మీద ఆనుకోవడం వల్ల గింజ సగం నీళ్ళలో, సగం గాలిలో ఆగి ఉంది. నిలువునా పగిలింది కూడా. ఆ పగులులోంచి తెల్లగా, తోకలాంటిదొకటి నీళ్ళలోకి దిగింది.

అక్కయమ్మ గడప దాటలేదు. మూడు బాటలు కలిసేచోట సూదులు గుచ్చిన నిమ్మకాయలను ఆమె చూసింది. వాటిని తొక్కకుండా పక్కకు తప్పుకోవాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాని అవి బయట, ఊరి పొలిమేరలో ఉండేవి. ఇది ఇంట్లో ఉంది. నిండు కడుపులాగా గుండ్రంగా ఉంది. ముళ్ళు గుచ్చి ఉంది. పైగా రోజూ నీళ్ళు మార్చి పెంచుతున్నారు.

ఆమె తలుపు మళ్ళీ ఎలా ఉన్నదో అలాగే దగ్గరగా వేసి, పోయి సుబ్బలక్ష్మి మంచం పక్కన కూచుంది.

మర్నాడు చెల్లెలిని చూసి వస్తానని చెప్పి బట్లహళ్ళికి పోయింది. ఆ ఊళ్ళో ఈరప్ప అనే ఆయన తాయెత్తులు కడతాడు. ఆయన అరుగు మీద కూచుని, తాను చూసింది చూసినట్టు చెప్పింది.

“యాడుండాది?” అన్నాడు ఈరప్ప.

“ఇంట్లోనే అప్పా. పురుగుల గదిలో.”

“ఎండినాదా, పచ్చిగానే ఉండాదా?”

“వేరు దిగింది.”

ఈరప్ప వక్క నములుతూ ఆలోచించాడు. అలాంటిది ఆయన కూడా ఎన్నడూ చూడలేదు. కాని చూడలేదని చెప్పడం ఆయన పనిలో లేదు.

“వేరు దిగినాక నువ్వు చెయ్యి పెట్టొద్దమ్మా. పగలగొట్టినా, పారేసినా, ఎవరి మీద కట్టినారో వాళ్ళకే తగులుతాది. పెట్టిన చెయ్యే తియ్యాల. ఆమె చేత్తోనే బయట పెట్టించు. బయట పడితే దాని బలం పోతాది.”

“తియ్యనంటే?”

“తియ్యనంటే ఎందుకు పెట్టిందో నీకి తెలిసిపోయె కదా.”

ఇంటికి వచ్చాక ఆమె కడుపులో ఈ మాట నిలవలేదు. ఎదురింటి మునివెంకటమ్మకు మాత్రం చెప్పి, ఎవరికీ చెప్పొద్దంది. మునివెంకటమ్మ కూడా తాను చెప్పిన ప్రతివాళ్ళకూ ఎవరికీ చెప్పొద్దనే చెప్పింది. సుజాతమ్మ బావి దగ్గరికి పోతే అక్కడి మాటలు ఆగిపోవడం అప్పటినుంచీ మొదలయింది. మజ్జిగకు వచ్చే పిల్లలు రావడం మానేశారు. సుజాతమ్మ ఒకటి రెండుసార్లు ఏమయిందని అడిగింది. ఏమీ కాలేదన్నారు.

గింజ నుంచి మొలక వచ్చింది. మొలక కర్రలా లేచింది. ఒకరోజు సాయంత్రం, మునినారాయణ కూడా ఇంట్లో ఉన్నప్పుడు, సుజాతమ్మ తానే దాన్ని తెచ్చి నడవలో పెట్టింది. సీసాలోంచి తీసి చిన్న మట్టికుండలో నాటింది. మొక్క మూరెడు ఎత్తుంది. కింద కర్ర నున్నగా ఉంది, పైన మాత్రం గుత్తిగా ఆకులు. లేత ఆకులు రాగిరంగులో మెరుస్తున్నాయి.

“చూడత్తా, బెణ్ణెపండు చెట్టు,” అంది సుజాతమ్మ. ఆమె ముఖం వెలుగుతోంది. “మా అన్న ఇచ్చిన గింజ.”

సుజాతమ్మ పుట్టిల్లు బాగేపల్లి. అన్న ఆంజనేయప్ప నంది కొండ మీద ఒక బంగళాలో వంటపని చేస్తాడు. ఆ బంగళాకు వచ్చే బెంగళూరు వాళ్ళు తిని పారేసిన గింజ అది. ఎలా మొలిపించాలో ఆ వచ్చినవాళ్ళలోనే ఒకావిడ ఆయనకు చెప్పిందట.

“లోపల వెన్న మాదిరి ఉంటాదంట, అందుకే బెణ్ణెపండు అంటారంట. చక్కెర కలుపుకొని తింటారంట.”

“వెన్న కావాలంటే ఎనుమును పెంచుకోవచ్చు కదక్కా,” అంది సుబ్బలక్ష్మి. “చెట్టెక్కి కోసుకొచ్చేదెందుకు?”

మునినారాయణ నవ్వాడు. సుబ్బలక్ష్మి నవ్వుతూనే వంగి, ఆ రాగిరంగు ఆకు మీద వేలు పెట్టబోయింది.

“తాకొద్దు,” అంది అక్కయమ్మ.

అందరూ ఆమె వైపు చూశారు.

“చెయ్యి కడుక్కోలేదు నువ్వు,” అంది అక్కయమ్మ. తరువాత పెద్దకోడలితో మెత్తగా అంది: “బాగుండాదమ్మా. చెట్టంటే మరి బయట కదా ఉండాల. ఇప్పుడే తీసుకుపోయి పెరట్లో పెట్టు. నీ చేత్తోనే పెట్టు.”

“ఇప్పుడొద్దత్తా. ఇంతకాలమూ నీడలో పెరిగింది, ఈ ఎండకు మాడిపోతాది. వానలు పడినాక పెడతా. మొదలు పొద్దునపూట కొంచేపు బయట పెట్టి, మళ్ళా లోపల పెట్టి, అట్ల అలవాటు చెయ్యాలంట.”

“అందాకా ఇంట్లోనేనా?”

“ఇంట్లోనే.”

“ఇంట్లో ఉంటే కాస్తాదా?”

“కాయదంట. బతుకుతాది అంతే. కాయాలంటే బయట ఉండాల.”

“కాయనిదాన్ని ఇంట్లో పెట్టుకొని ఏమి చేస్తావు?”

సుజాతమ్మ ముఖంలో వెలుగు ఆరిపోయింది. కుండ ఎత్తుకొని పురుగుల గదిలోకి పోయింది. మునినారాయణ తల్లిని ఒకసారి చూసి, తలగుడ్డ దులుపుకొని వాకిట్లోకి నడిచాడు. ఆ మాట అలా వచ్చి పడుతుందని అక్కయమ్మ కూడా అనుకోలేదు. మనసు కొంచెం చివుక్కుమంది. అయినా ఒకటి తేలిపోయింది. తియ్యమంటే తియ్యనంది.

పొద్దున కొడుకును ఒంటరిగా పట్టుకుంది.

“సీమంతం లోపల నీ పెండ్లాన్ని బాగేపల్లిలో విడిచిపెట్టిరా. ఆ పిల్ల ప్రసవించినాక పిలుచుకొద్దాము.”

“ఎందుకమ్మా? సీమంతానికి ఇంట్లో పని చేసేదెవరు?”

“చేసేవాళ్ళు శానామంది ఉండారు.”

“అది ఏమి చేసింది?”

“చేసిందని నేనన్నానా?”

మునినారాయణకు తల్లితో ఎన్నడూ వాదం నెగ్గిన అనుభవం లేదు. వచ్చే సోమవారం బస్సుకు పోతామన్నాడు. కొన్నాళ్ళని చెప్పి కోడళ్ళను పుట్టింట్లో దించి, మళ్ళీ పిలుచుకు రాని ఇళ్ళు ఆ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో సుజాతమ్మకు తెలుసు. మొగుడు ఈ సంగతి చెప్పిన ఆ రోజు తినే ముద్దలో సగమే తిని లేచింది.

సోమవారం దాకా ఆగడం కూడా అక్కయమ్మ వల్ల కాలేదు. సుబ్బలక్ష్మి కాళ్ళకు నీరు పట్టింది. నిద్రలో కలవరిస్తోంది. పురుగుల గది ముందునుంచి నడిచినప్పుడల్లా అక్కయమ్మకు ఆ తలుపు వెనక ఏదో పెరుగుతున్నట్టే ఉండేది. శనివారం, సుజాతమ్మ తోటకు పోయిన తరువాత, ఆమె లోపలికి పోయింది. చెయ్యి తగలకూడదని ఈరప్ప అన్నాడు కదా, రెండు చేతులకూ కొంగు చుట్టుకుంది. కొంగుతోనే కుండ ఎత్తి, పెరట్లో బట్టలు ఉతికే బండ మీద పెట్టింది. చెయ్యి తగలలేదు కాబట్టి తాను తీసినట్టు కాదు. బయట పడింది కాబట్టి బలం పోతుంది. లెక్క సరిపోయిందనుకుంది.

నడినెత్తిన ఎండ. బండ పెనంలా కాలుతోంది. ఆమె వసారా నీడలో నిలబడి చూసింది. ముందుగా రాగిరంగు ఆకులు వంగాయి. తరువాత పెద్ద ఆకులు గుడ్డ పేలికల్లా వేలాడాయి. అంచులు గోధుమరంగుకు తిరిగాయి. అక్కయమ్మకు ఊపిరి తేలికయింది.

అప్పుడు లోపలినుంచి సుబ్బలక్ష్మి అరుపు వినిపించింది.

పోయి చూస్తే ఆ పిల్ల మంచం మీద ముడుచుకొని, పొట్ట పట్టుకొని ఉంది. ముఖమంతా చెమట. “అత్తా, పోయినసారి మాదిరే ఉండాది,” అంది. అక్కయమ్మ మునివెంకటమ్మను కేకవేసి మంత్రసాని కోసం పంపింది. పంపి, పెరట్లోకి పరుగెత్తింది. ఈసారి కొంగు చుట్టుకోవాలని కూడా గుర్తు రాలేదు. కాలుతున్న కుండను ఉత్త చేతులతో ఎత్తుకొని, గదిలోకి తెచ్చి, గూట్లో పెట్టి, మట్టి తడిసేదాకా నీళ్ళు పోసింది. గోనె తడిపి కిటికీకి కట్టింది. “తప్పయిపోయింది తల్లీ,” అంది మొక్కతో. “నేనే పెట్టినాను. ఆ పిల్లది ఏమీ లేదు.”

మంత్రసాని వచ్చి పొట్ట తడిమి చూసి, వేడి చేసిందని చెప్పి, పొద్దున ఊరగాయ తినమన్నది ఎవరని అడిగింది. పలచటి మజ్జిగ తాగించి, ఎడమవైపు తిప్పి పడుకోబెట్టింది. చల్లపొద్దు అయ్యేసరికి నొప్పి తగ్గింది. మంత్రసాని అది మజ్జిగ వల్లనే అనుకుంది. అక్కయమ్మ గదిలోకి పోయి చూసింది. వాడిన ఆకుల్లో మూడు నాలుగు మళ్ళీ నిలబడుతున్నాయి.

సుజాతమ్మ తోటనుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, ముందుగా సుబ్బలక్ష్మిని చూసింది. తరువాత గదిలోకి పోయింది. బయటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో మాడిన ఆకు ఉంది.

“దీన్నెవరు ఎండలో పెట్టినారు?”



“పిల్లి తోసిందేమో,” అంది అక్కయమ్మ.

“పిల్లి కుండ మోసుకొని పోయి, మళ్ళా మోసుకొనొచ్చి గూట్లో పెట్టి, నీళ్ళు కూడా పోసిందా అత్తా? అంత పనిమంతురాలైన పిల్లి మనింట్లో ఉండేది నాకి తెలీలేదు.”

మంచం మీదనుంచి సుబ్బలక్ష్మి నవ్వింది. అక్కయమ్మ నవ్వలేదు. ఈ మనిషి ఎంత తేలికగా మాట్లాడుతోందో అనుకుంది. ఆకు మాడినా ఆమెకేమీ కాదు. అయ్యేది ఎవరికో తనకు తెలిసింది.

ఆదివారం చిన్నకొడుకు ఇంటికి వచ్చినా, రోజంతా అక్కయమ్మ ఏదో ఒక పని పెట్టుకొని పురుగుల గదిలోకి పోతూనే ఉంది. గోనె ఆరకుండా చూసింది. ఎవరూ లేనప్పుడు కాండానికి పసుపుదారం కట్టింది. కుండ అంచుకు కుంకుమ పెట్టింది. పనిలోపనిగా పెద్దకోడలిని అడిగింది: “నీళ్ళు చాలునా దానికి?”

“చాలు. ఎక్కువ పోస్తే వేరు కుళ్ళుతాది. నీకెందుకత్తా ఇప్పుడు దాని మీద ఇంత ప్రేమ?”

“ఊరికే అడిగినా.”

సుజాతమ్మ ఆమెను వింతగా చూసింది. ఈసారి అనుమానం ఆ చూపులో ఉంది.

సోమవారం పొద్దున మునినారాయణ ట్రంకుపెట్టె వాకిట్లో పెట్టి, చెప్పులు తొడుక్కొని నిలబడ్డాడు. సుజాతమ్మ మంచి చీర కట్టుకుంది. చివరగా పురుగుల గదిలోకి పోయి కుండ ఎత్తుకుంది. తిరిగి చూస్తే గుమ్మంలో రెండు చేతులూ చాపి అక్కయమ్మ నిలబడి ఉంది.

“అది ఈడే ఉండాల.”

“ఇది నాదత్తా. నాతో వస్తాది.”

“గడప దాటకూడదు.”

“నువ్వే కదా బయట పెట్టమంటివి. ఇప్పుడు ఊరు విడిచే పోతాంది. ఇంకేమి?”

“నువ్వూ పోవద్దు.”

వాకిట్లోనుంచి మునినారాయణ, “నిన్నటిదాకా పొమ్మంటివి కదమ్మా,” అన్నాడు.

“నువ్వు నోరు మూసుకొని నిలబడు.”

సుజాతమ్మ కుండను తలుపు దగ్గరి వెలుతురుకు తెచ్చింది. కాండం మీది పసుపుదారం చూసింది. అంచు మీది కుంకుమ చూసింది. దారాన్ని వేలితో తాకి, అక్కయమ్మ ముఖం చూసి, మళ్ళీ దారం చూసింది. బావి దగ్గర ఆగిపోయిన మాటలు, ఆ రోజు ‘తాకొద్దు’ అన్న కేక, బండ మీది ఎండ, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆమె కళ్ళలో కదిలిపోవడం అక్కయమ్మ గమనించింది.

“అత్తా. దీన్ని ఏమనుకుంటాండావు నువ్వు?”

“నేనేమీ అనను. నువ్వీడనే ఉండి దాన్ని బాగా చూసుకో. ఏమి కావాలన్నా అడుగు, తెప్పిస్తా. ఆ పిల్ల ప్రసవించేదాకా చూసుకుంటే చాలు.”

“ఆ పిల్లకూ దీనికీ ఏమి?”

అక్కయమ్మ తన జీవితంలో ఎవరినీ ఎదురుగా అడిగింది లేదు. అప్పుడు అడిగింది.

“బిడ్డను దీంట్లో కట్టినావా?”

సుజాతమ్మ కుండ కింద పెట్టి, దాని పక్కనే నేల మీద కూచుండిపోయింది. ఏడవలేదు. “యాడ చూసినావు నువ్వు అట్లాంటిది?” అంది.

“ముళ్ళు గుచ్చినావు. నీళ్ళలో పెట్టి పెంచినావు. చూసినాను కదా.”

“ముళ్ళు గుచ్చకపోతే గింజ నీళ్ళలో మునిగి కుళ్ళిపోతాదత్తా. అది ఆనుకునేదానికి గుచ్చినా.”

“మరి దాచినావెందుకు?”

“మొలవకపోతే నవ్వుతారని. పిల్లలు లేనిది గింజకు నీళ్ళు పోసుకుంటాంది అంటారని. మొలిచినాక చూపిస్తామనుకున్నా. మొలిచింది, చూపిస్తిని. ఏమంటివి నువ్వు?”

జవాబు బాగుంది. అక్కయమ్మకు బాగున్న జవాబులంటేనే భయం.

“శనివారం దీన్ని ఎండలో పెట్టింది నేనే,” అంది. “ఈడ ఆకు వాడింది, ఆడ ఆ పిల్ల పొట్ట పట్టుకొని అరిచింది. లోపల పెట్టి నీళ్ళు పోస్తే తగ్గింది. దానికేమి చెప్తావు?”

“మంత్రసాని మజ్జిగ తాగించింది కదా.”

“మజ్జిగకు పోయే నొప్పి కాదది. నేను చూసినాను.”

సుజాతమ్మ మొక్క వైపే చూస్తూ కూచుంది. కట్టినానని ఒక్కసారి తల ఊపితే చాలు, ఆ ఇంట్లో ఆమె మాటకు ఇక ఎదురుండదు. బస్సెక్కాల్సిన పని ఉండదు. అక్కయమ్మే అన్నం కలిపి పెడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“మా అన్న ఇంకొకటి చెప్పినాడు,” అంది చివరికి. “మూరెడు దాటినాక తల గిల్లాలంట. గిల్లకపోతే ఒంటికర్ర మాదిరి పైకి పోతాదంట, కొమ్మలు రావంట. ఎండ దెబ్బ తినింది, కోలుకోనీలే అని ఊరకుంటిని.”

అంటూనే ఆమె రెండు వేళ్ళు మొక్క కొసకు పోయాయి.

“వద్దు,” అంది అక్కయమ్మ. “సుజాతా, వద్దమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటా.”

సుజాతమ్మ ఆమె కళ్ళలోకి చూస్తూ గిల్లింది. చిక్కుడుకాయ విరిచినంత చప్పుడయింది. తెగిన కొస ఆమె అరచేతిలో పడింది.

అక్కయమ్మ పరుగెత్తింది. నడవలో చెంబు కాలికి తగిలి దొర్లిపోయింది. సుబ్బలక్ష్మి మంచం మీద కాళ్ళు చాపుకొని, వేయించిన వేరుసెనగలు బెల్లంతో నములుతోంది.

“ఏమత్తా, పాము గాని వచ్చినాదా?”

అక్కయమ్మ జవాబు చెప్పకుండా ఆ పొట్ట మీద చెయ్యి వేసింది. ఏమీ లేదు. చెయ్యి పక్కకు జరిపింది. తన గుండె చప్పుడే తనకు అరచేతిలో వినిపిస్తోంది. సుబ్బలక్ష్మి నమలడం ఆపి అత్త ముఖంలోకి చూసింది. అలా ఎంతసేపు గడిచిందో, చెయ్యి కింద లోపలినుంచి చిన్నగా, గట్టిగా ఒక తన్ను తగిలింది. అక్కయమ్మ చెయ్యి వెనక్కు లాక్కొని మళ్ళీ పెట్టింది. మళ్ళీ తన్నింది.

“నొప్పి ఉండాదా?”

“లేదు. పొద్దుట్నుంచీ ఇదే పని వానికి. పోలీసోడే పుడతాడు చూడు.” గుప్పిట్లోని వేరుసెనగలు చాపింది. “తింటావా?”

అక్కయమ్మ అక్కడే కూచుంది. ఏదో ఒకటి అవుతుందని కాచుకొని కూచుంది. సుబ్బలక్ష్మి గింజలన్నీ తిని, నీళ్ళు తాగి, త్రేన్చి, బిడ్డ కూడా వాళ్ళ నాయనలాగే కుదురుగా ఉండడని ఏదో చెప్పుకుపోతోంది. ఏమీ కాలేదు.

రోడ్డు మీద బస్సు కూత వినిపించింది. బయటికి వస్తే మునినారాయణ ట్రంకు చేత్తో పట్టుకొని నిలబడి ఉన్నాడు. సుజాతమ్మ గుమ్మంలో ఉంది.

“బస్సొచ్చేసె. పోవాలనా, ఉండాలనా? ఎవరైనా ఒకరు చెప్పండి,” అన్నాడు మునినారాయణ.

“ఉండమను,” అంది అక్కయమ్మ నేల చూస్తూ.

“నాతో చెప్తే చాలదత్తా,” అంది సుజాతమ్మ. ఆమె గొంతు పెరగలేదు. “బావికాడ నన్ను చూసి నోరు మూసుకొనేవాళ్ళకు ఎవరు చెప్తారు? వాళ్ళకు మొదలు చెప్పింది ఎవరో వాళ్ళే చెప్పాల. లేదంటే నేను ఆ బస్సుకే పోతా.”

అక్కయమ్మ రోడ్డు వైపు చూసింది. బస్సు ఆగింది. ఎవరో దిగారు. “ట్రంకు లోపల పెట్టరా,” అంది చివరికి.

తొలకరి పడింది. గిల్లినచోటుకు కొంచెం కింద రెండు పక్కలా రెండు చిగుళ్ళు లేచాయి. సుజాతమ్మ పొద్దునపూట కుండను చూరు కింద పెట్టేది. ఎండ కొంచెం చురుక్కుమంటే చాలు, “ఇంక లోపల పెట్టరాదా,” అని అక్కయమ్మ నడవలోంచి గొణిగేది. కోడలు లేవకపోతే తానే లేచి పెట్టేది. నమ్మకం లేదు, అయినా ఎందుకొచ్చిన తంటా అన్నట్టు పెట్టేది. ఆమె బావి దగ్గరికి పోయి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు. సుజాతమ్మ మళ్ళీ అడగలేదు. ట్రంకు మాత్రం ఖాళీ చెయ్యలేదు. చీరలు అందులోంచే తీసి కట్టుకొని, ఉతికి మళ్ళీ అందులోనే పెట్టేది. అక్కయమ్మ అదీ చూసింది.

తొమ్మిదో నెలలో సీమంతం వచ్చింది. వీధిలోని ఆడవాళ్ళంతా వచ్చి నడవ నిండా కూచున్నారు. సుబ్బలక్ష్మిని పీట మీద కూచోబెట్టి, జడ నిండా మల్లెలూ మరువమూ కుట్టారు. పళ్ళెంలో పచ్చగాజులు పేర్చి పెట్టారు. మొదటి గాజులు తొడగాల్సింది పిల్లల తల్లి, అదీ ఒక్క బిడ్డనూ పోగొట్టుకోని తల్లి. ఊళ్ళో అలాంటి పని ఎప్పుడు వచ్చినా మునివెంకటమ్మదే. ఆమె కొంగు నడుముకు దోపుకొని లేచింది. సుజాతమ్మ వంటింటి గుమ్మం దగ్గర, పానకం బిందె పక్కన నిలబడి ఉంది.

“నువ్వు కూచో మునివెంకటమ్మా,” అంది అక్కయమ్మ.

మునివెంకటమ్మ లేచినమనిషి లేచినట్టే ఆగింది.

“సుజాతా, రామ్మా. మొదటి గాజులు నువ్వు తొడుగు.”

నడవలో మాటలు ఆగిపోయాయి. ఎవరో దగ్గారు. మునివెంకటమ్మ అక్కయమ్మ చెవి దగ్గరికి వంగి, “ఏమక్కా, నువ్వే కదా ఆ పొద్దు…” అంది.

“అంటిని. కండ్లు మసకేసి ఏదో చూసినాను, అంటిని,” అంది అక్కయమ్మ. వెనక కూచున్నవాళ్ళకు కూడా వినిపించేంత గట్టిగా అంది. “మా ఇంటి పెద్దకోడలు ఉండగా మా ఇంటి గాజులు వేరేవాళ్ళు తొడిగేదేంది?”

సుజాతమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకొని వచ్చింది. పీట ముందు కూచుని సుబ్బలక్ష్మి ఎడమచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. మొదటి గాజు ఎత్తింది. అక్కయమ్మ పక్కనే నిలబడి ఉంది. పిలిచింది తానే. నలుగురిలో ఆ మాట అన్నదీ తానే. కాని ఆమె కళ్ళు ఆమె మాట వినలేదు. సుజాతమ్మ వేళ్ళను, గోళ్ళను, గాజు లోపలివైపును, ఖాళీగా ఉన్న రెండో చెయ్యి ఎక్కడుందో దాన్నీ ఆ కళ్ళు వెతుకుతూనే ఉన్నాయి.

సుజాతమ్మ తల ఎత్తలేదు. గాజును మెల్లగా మణికట్టు దాటిస్తూ, అత్తకు మాత్రమే వినిపించేట్టు అంది: “బాగా చూసుకో అత్తా. రెండు చేతులూ ఈడే ఉండాయి.”

అక్కయమ్మ ముఖం ఎర్రబడింది. అయినా చూపు తిప్పుకోలేకపోయింది. ఎడమచేతికి గాజులు అయిపోయాయి. మునివెంకటమ్మ రెండో చేతికైనా తన వంతు వస్తుందని మళ్ళీ సర్దుకొని లేవబోయింది.

“ఆ చేతికీ నువ్వే తొడుగమ్మా,” అంది అక్కయమ్మ పెద్దకోడలితో, నడవ అంతా వినేట్టుగా. అని, సుజాతమ్మ చేతుల మీదనుంచి చూపు తియ్యకుండా, పళ్ళెం ఆమె దగ్గరికి జరిపింది.